తోకచుక్క సూర్యుడికి వీపు చూపించదు

...అదే తన్వీ, ఇంత ఆలస్యమైందని ఏమనుకోకమ్మా. నువ్వు అడిగి పదకొండు రోజులైంది. రోజూ ఫోన్ తీస్తాను, నీకు రికార్డు చెయ్యడం మొదలుపెడతాను, ఎవరో ఒకరు టీ అంటారు. బాబాయ్ క్యాంటీన్ ఉన్నది సూర్యుణ్ణి చూసే ఆఫీసులో కదా. ఎండ ఉన్నంతసేపూ ఇక్కడి సార్లు టెలిస్కోపు దగ్గర్నుంచి కదలరు. మబ్బు పట్టిందంటే చాలు, అందరూ ఒక్కసారే టీకి దిగుతారు. ఈ పదకొండు రోజులూ మబ్బులే. ఇవాళ ఆకాశం తుడిచినట్టుంది. అందుకని తీరిగ్గా కూర్చున్నా.

నీ బొమ్మ చూశాను. తోకచుక్క సూర్యుడి దగ్గర్నుంచి వెళ్ళిపోతోంది, తోక దాని వెనకాల ఉంది. మీ టీచరుగారు దాని మీద ఎర్రగా గీత కొట్టి, తోక ముందుండాలి అని రాశారు. నువ్వేమో, ఏ కుక్కకైనా తోక ముందుంటుందా బాబాయ్ అన్నావు. న్యాయమైన మాటే. నేనూ వెళ్ళి ఇక్కడి విఠల్ సారుని అడిగాను. ఆయన చక్కగా చెప్పారు, నాకు చక్కగా అర్థమైంది, మెట్లు దిగేలోపు పోయింది. మళ్ళీ ఎక్కాను. అలా నాలుగుసార్లు. కాబట్టి నాకు ఎంత మిగిలిందో అంతే చెప్తా. కథలా విను.

ఒకప్పుడు తోకచుక్కలకి తోకల్లేవు. అసలవి చుక్కలే కావు. మట్టీ మంచూ కలిసిన గడ్డలు. నున్నగా, గుండు కొట్టించినట్టుండేవి.

అవి ఎక్కడుండేవంటే, సూర్యుడికి చాలా దూరంగా. ఎంత దూరమంటే... మా కొండ మీద నుంచి మీ ఊరు అనుకో, కాదు కాదు, అది మరీ దగ్గర. భూమి దాటి, కుజుడు దాటి, గురుడు, శని, ఇంకా అవతల ఇద్దరున్నారు, వాళ్ళనీ దాటి, ఆ తర్వాత ఇంకేం లేదనిపించాక, అక్కణ్ణుంచి ఇంకా పోవాలి. అక్కడ సూర్యుడు ఆవగింజంత చుక్క. వెచ్చదనం లేదు, పగలు లేదు.

ఆ గడ్డలన్నిట్లోకీ పెద్దది ఒక ముసలి అవ్వ. ఆవిడకో మనవరాలు. చిన్నపిల్ల, అందుకని పిసరు అని పిలిచేవారు.

అవ్వకి ఒకటే పని, ఆ ఆవగింజ చుక్కని చూస్తూ కూర్చోవడం. చూస్తూ ఒకటే మాట సణిగేది.

"నా చిన్నప్పుడు ఆ చుక్క వెనకాల ఇంకో మూడు చుక్కలుండేవే. పక్కపక్కనే, పొయ్యి రాళ్ళలాగ. ఇప్పుడు చూడు, ఏదో వంకర వరస వచ్చి కూర్చుంది. ఆ మూడూ ఎటు లేచిపోయాయో."

"నీ కళ్ళు పోయాయి అవ్వా," అనేది పిసరు.

"నీ కళ్ళు ఉన్నాయిగా, నువ్వు చూసి చెప్పు."

పిసరు చూసేది. వంకర వరసే కనపడేది.

ఇలా ఉండగా ఒకరోజు అటుగా ఒక ఎర్రచుక్క వచ్చింది. మన సూర్యుడిలాంటిదే, కాస్త చిన్నది. అది దారిన పోతూ పోతూ, ఈ గడ్డల వాడ దగ్గర నెమ్మదించింది.

"ఏంటర్రా, ఇంత చలిలో కూర్చున్నారు? మీ పెద్ద ఎవరు?" అని అడిగింది.

అవ్వ ఆవగింజ చుక్కని చూపించింది. ఎర్రచుక్క నవ్వింది.

"అదా? అంత దూరంలో ఉన్నవాడు మీకు పెద్ద ఎలా అవుతాడమ్మా? మీరున్నారని అసలు ఆయనకి తెలుసా? ఎప్పుడైనా పిలిచాడా, పలకరించాడా? నాతో వచ్చెయ్యండి. మీ అందర్నీ దగ్గరే ఉంచుకుంటాను."

గడ్డలన్నీ గుసగుసలు మొదలుపెట్టాయి. వెళ్దామని సగం, వద్దని సగం. అవ్వకి ఏం తోచలేదు. నిజమే మరి. తాము ఆ సూర్యుడి మనుషులా కాదా? ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"నా మనవరాల్ని పంపి ఆయన్నే అడిగిస్తాను. నువ్విక్కణ్ణుంచి కదలడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని ఎర్రచుక్కని అడిగింది అవ్వ.

"నేను మెల్లగానే నడుస్తాను. నీ మనవరాలు వెళ్ళి అడిగి రావాలంటే వచ్చేదాకా ఉంటాను. ఆ తర్వాత ఉండను."

లక్షల ఏళ్ళనుకో. మనకి లక్షల ఏళ్ళు, వాళ్ళకి ఒక పూట.

అవ్వ పిసర్ని దగ్గరికి పిలిచింది. "వెళ్ళు. మేం నీ వాళ్ళమా కాదా అని ఆయన్నే అడుగు. నీ వాళ్ళమంటే ఉంటాం. కాదంటే ఈ ఎర్రావిడతో పోతాం. ఇంకో మాట. పెద్దల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎదురుగా వెళ్ళు. వచ్చేటప్పుడు మాత్రం గిరుక్కున తిరిగి వీపు చూపించి రాకు. మొహం ఆయన వైపే పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ రా. మర్యాద."

మీ నాయనమ్మ గుడిలోంచి వచ్చేటప్పుడు అలాగే వస్తుంది చూడు, గడప తన్నుకుంటూ. అలాగన్నమాట.

పిసరు బయల్దేరింది. మొదట చాలా మెల్లగా. తర్వాత కొంచెం వేగం. ఆ తర్వాత ఆ పిల్ల నడవకుండానే వేగం పెరుగుతోంది. ఎవరో నడుముకి తాడు కట్టి లాగుతున్నట్టుంది.

"ఓహో, పిలుస్తున్నాడన్నమాట," అనుకుంది. సంతోషమేసింది.

శనిని దాటింది. గురుడి దగ్గరికొచ్చింది. గురుడంటే తెలుసుగా, అందర్లోకీ లావు.

"మామయ్యా, సూర్యుడు మనుషుల్ని రమ్మంటాడా, పొమ్మంటాడా?" అని అడిగింది.

"లాగుతాడమ్మా," అన్నాడు గురుడు. "నా అంతటివాణ్ణే లాగుతున్నాడు. పక్కకి పరిగెత్తుతూ ఉంటాను కాబట్టి ఆయన మీద పడకుండా ఉన్నాను. ఆగానంటే అంతే."

ఇక్కడ నేను విఠల్ సారుని ఆపాను. లాగుతుంటే పడకుండా ఎలా ఉంటాడు సార్ అని. ఆయన బకెట్లో నీళ్ళు పోసి గిరగిరా తిప్పి చూపించారు. నీళ్ళు పడలేదు. నాకు అర్థమవకపోయినా నమ్మకం కుదిరింది. క్యాంటీన్ తడిసింది కూడా, అది వేరే సంగతి.

గురుణ్ణి దాటాక పిసరుకి ఒళ్ళు వెచ్చబడింది. నెత్తి మీద ఏదో చిమచిమలాడింది. తడిమి చూసుకుంటే ఆవిరి. గుండు మీద ఆవిరి, జుట్టులా మొలుస్తోంది. ఆ జుట్టు కాస్త పెరిగేసరికి, ఎదుటి నుంచి ఎవరో ఊదుతున్నట్టు, రివ్వున వెనక్కి ఎగిరింది.

పిసరు అయోమయంలో పడింది. నడుం పట్టుకుని ముందుకి లాగుతున్నాడు. మొహం మీద ఊది వెనక్కి తోస్తున్నాడు. రమ్మంటున్నాడా, పొమ్మంటున్నాడా?

దారిలో శుక్రుడు కనపడ్డాడు. అడిగింది.

"నన్నడక్కమ్మా," అన్నాడు శుక్రుడు. "అందరికీ సూర్యుడు తూర్పున వస్తాడట. నాకు పడమట వస్తాడు. ఆయన తిక్కగా ఉన్నాడో నేను తిక్కగా ఉన్నానో తేల్చుకోలేక ఎప్పట్నుంచో తల మీద మబ్బులు కప్పుకుని పడుకున్నా."

బుధుడు ఎదురొచ్చాడు. అందరికంటే దగ్గరగా ఉండేది ఆయనే, కాబట్టి ఆయనకి తెలుస్తుందనుకుంది.

"మాట్లాడే తీరిక లేదు," అన్నాడు బుధుడు పరిగెత్తుతూనే. "ఒక పక్క కాలిపోతోంది, ఒక పక్క గడ్డకట్టిపోతోంది. నాకు వేడిగా ఉందో చలిగా ఉందో నాకే తెలీట్లేదు, ఆయన సంగతి నాకేం తెలుసు?"

ఇక అడగడానికి ఎవరూ లేరు. పిసరు సూర్యుడి ముందుకే వెళ్ళిపోయింది.

ఆ వేడి ఏమని చెప్పను. మన పొయ్యి దగ్గర నిలబడితేనే కళ్ళు మండుతాయి. పిసరు కరిగి సగమైంది. జుట్టు మాత్రం పొడుగ్గా, తెల్లగా, వెనక ఆకాశం అంతా పరుచుకుంది.

"ఎవరది?" అంది ఒక పెద్ద గొంతు. బొంగురుగా, ఉడుకుతున్న గంగాళంలోంచి వచ్చినట్టుంది. "దగ్గరికి రా. కనపడట్లేదు."

"ఇంకా దగ్గరికొస్తే నేను మిగలను పెద్దయ్యా. ఇక్కణ్ణుంచే అడుగుతా. మీరు రమ్మంటున్నారా, పొమ్మంటున్నారా?"

"నేనేమీ అనలేదే."

"లాగుతున్నారుగా."

"అది నా బరువమ్మా. ఎవరున్నా లాగుతుంది."

"తోస్తున్నారుగా."

"అది నా ఊపిరి. ఎవరున్నా తగులుతుంది. రెండూ నేను కావాలని చేసేవి కాదు. ఎవరికి ఏది తగిలిందో కూడా నాకు తెలీదు. ఏం, తప్పు చేశానా?"

పిసరుకి వచ్చిన పని గుర్తొచ్చింది.

"మా అవ్వ అడిగి రమ్మంది. చివర, చీకట్లో ఉంటాం. చాలామందిమి ఉన్నాం. మేం మీ వాళ్ళమా, కాదా?"

సూర్యుడు కళ్ళు చికిలించాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "చేతిలో టార్చి ఉన్నవాడికి చీకట్లో ఉన్నవాళ్ళు కనపడరు. నా వెలుగు నా కళ్ళల్లోనే కొడుతుంది. దగ్గరున్న ఎనిమిది మందిని గుర్తుపడతాను. ఆ తర్వాత నాకంతా నలుపే. ఉన్నారంటే ఉన్నారేమో. నా వాళ్ళో కాదో చూడకుండా ఎలా చెప్పను?"

అంత దూరం వచ్చి, సగం కరిగి, పిసరుకి దొరికిన జవాబు అది. తెలీదు.

ఏడుపొచ్చింది. అవ్వకి ఏం చెప్పాలి? తెలీదన్నాడంటే అందరూ మూటలు కట్టేస్తారు. అసలు ఇంకేమైనా అడగాలేమో కూడా తోచలేదు. అప్పటికే ఆ వేగంలో ఆ పిల్ల సూర్యుడి వెనక నుంచి అవతలి వైపుకి చుట్టు తిరిగిపోతోంది.

ఏడుపులో అవ్వ మాట మరిచిపోయి, గిరుక్కున వెనక్కి తిరిగి పరిగెత్తబోయింది. అంతే. వెనక నుంచి సూర్యుడి ఊపిరి కొట్టింది, అంత పొడుగు జుట్టూ వచ్చి మొహం మీద పడింది. కళ్ళు కనపడలేదు, దారి కనపడలేదు. గాలిలో గొడుగు తిరగబడితే ఎలా ఉంటుందో అలా.

"మా అవ్వ ముందే చెప్పింది," అనుకుని మళ్ళీ సూర్యుడి వైపుకి తిరిగింది. మొహం ఆయన వైపు, అడుగులు వెనక్కి. ఇప్పుడు జుట్టు అటు, తను వెళ్ళే దారి వైపుకి, ముందుగా ఎగురుతోంది. దానికి మనం తోక అని పేరు పెట్టాం, అది వేరే సంగతి. విఠల్ సారు రెండు తోకలుంటాయంటారు, ఒకటి ఆవిరిదీ ఒకటి దుమ్ముదీ, దుమ్ముది కాస్త వంగుతుందీ అని. నువ్వు ఒకటే వెయ్యి, టీచరుగారు ఏమనరు.

అలా వెనక్కి వెనక్కి నడుస్తోంది. సూర్యుణ్ణే చూస్తోంది. అక్కడ గాలి లేదు కదా, ఆకాశం నల్లగా ఉంటుంది. ఆయన వెనకాల చుక్కలు కనపడతాయి.

చూస్తే, మూడు చుక్కలు. పక్కపక్కనే. పొయ్యి రాళ్ళలాగ.

పిసరు ఆగినంత పని చేసింది.

"ఇవి అవ్వ చెప్పిన చుక్కలే కదా. లేచిపోయాయంది. ఇక్కడికొచ్చి కూర్చున్నాయా?" అనుకుంది. ఇంకొంచెం వెనక్కి నడిచింది. ఆ మూడూ మెల్లగా పక్కకి జరిగాయి. ఇంకేవో వచ్చాయి. ఇంకా నడిచింది. వచ్చేటప్పుడు సూర్యుడి వెనకాల ఏమున్నాయి? వంకర వరస. చుట్టు తిరిగి అవతలికి వెళ్ళినప్పుడు? మూడు చుక్కలు. ఇప్పుడు మళ్ళీ ఇంటి వైపుకి పోతుంటే? అదిగో, మళ్ళీ వంకర వరస.

ఎవరు కదిలారు? సూర్యుడు కదల్లేదు. చుక్కలు కదల్లేదు.

ఇది నాకూ మొదట తలకెక్కలేదు తన్వీ. నువ్వొక పని చెయ్. మీ హాల్లో మధ్యన స్తంభం ఉందిగా, దాని మీదే కళ్ళు పెట్టి దాని చుట్టూ నడువు. స్తంభం వెనకాల మొదట టీవీ కనపడుతుంది. కొంచెం నడిస్తే కిటికీ. ఇంకొంచెం నడిస్తే మీ నాన్న. మళ్ళీ మొదటికొస్తే మళ్ళీ టీవీ. ఏదీ కదల్లేదు. నువ్వే కదిలావు. నేనిక్కడ క్యాంటీన్ స్తంభం చుట్టూ తిరిగితే సార్లు నవ్వారు, కానీ అర్థమైంది.

పిసరుకీ అర్థమైంది. అర్థమయ్యాక ఆ పిల్ల ఏడుపు ఆపేసి, పడుతూ లేస్తూ, అయినా వెనక్కే నడుచుకుంటూ ఇల్లు చేరింది.

చేరేసరికి చలికి ఆవిరంతా ఆగిపోయింది. జుట్టు పోయింది. మళ్ళీ గుండు. పైగా వెళ్ళినప్పటికంటే సగం సైజు. వీపు ముందుగా వచ్చింది కాబట్టి మొదట ఎవరూ గుర్తుపట్టలేదు.

"ఎవరే అది, వెనక్కి తిరిగి వస్తోంది?" అంది అవ్వ. గుర్తుపట్టాక, "ఏంటే, ఇలా చిక్కిపోయావు?" అంది.

గడ్డలన్నీ మూటలు కట్టుకుని ఎర్రచుక్క చుట్టూ నిలబడి ఉన్నాయి.

"ఏమన్నాడు?" అని అందరూ ఒక్కసారే అడిగారు.

పిసరు అబద్ధం చెప్పలేదు. "తెలీదన్నాడు."

ఎర్రచుక్క, "నేను ముందే చెప్పానా," అంది. ఎవరో, "దీనికోసమా ఇన్నాళ్ళు ఆగింది," అని మూట నెత్తినెత్తుకున్నారు. అవ్వ కూడా లేవబోయింది.

"అవ్వా, కూర్చో," అంది పిసరు. "నీ చిన్నప్పుడు ఆ చుక్క వెనకాల ఏముండేవి?"

"ఎన్నిసార్లు చెప్పనే. మూడు చుక్కలు. లేచిపోయాయి."

"లేచిపోలేదు. అవి ఎక్కడివక్కడే ఉన్నాయి, నేను చూసొచ్చాను. నేను ఆయన చుట్టూ తిరిగాను, తిరిగినకొద్దీ ఆయన వెనకాల చుక్కలు మారాయి. నీకూ మారాయి. అంటే ఏంటి?"

"అంటే ఏంటే?"

"అంటే నువ్వూ తిరుగుతున్నావు."

"నేనా? నేను పుట్టి బుద్ధెరిగాక కాలు కదపలేదు."

"నువ్వు కదపలేదు. ఆయన కదిపాడు. నువ్వు పుట్టినప్పట్నుంచీ ఆయన చుట్టూ ప్రదక్షిణం చేస్తూనే ఉన్నావు అవ్వా. మరీ మెల్లగా, అందుకే తెలీలేదు. మనందరం చేస్తున్నాం. ఇంత దూరంలో కూడా ఆయన పట్టు మన మీద ఉంది. లేకపోతే ఎప్పుడో చెదిరిపోయేవాళ్ళం."

అవ్వ చాలాసేపు ఆ ఆవగింజ చుక్కని చూసింది. దాని వెనకాల వంకర వరసనీ చూసింది.

"మనం ఉన్నామని ఆయనకి తెలీదన్నాడా?" అంది.

"అన్నాడు."

"అయినా వదల్లేదు."

"వదల్లేదు."

"అయితే మనం ఆయన మనుషులమే," అంది అవ్వ, కాళ్ళు చాపుకుంటూ. "ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఇంటి పెద్దకి తెలిసిన ఇల్లు ఎక్కడుందిలే."

ఎర్రచుక్క తనతో వచ్చే నలుగురైదుగురిని తీసుకుని తన దారిన పోయింది. మిగతావాళ్ళు మూటలు విప్పేశారు.

అవ్వకి మాత్రం ఒకటి నచ్చలేదు. "పాపం, ఆయనకి కనపడట్లేదన్నాడు. కనపడకపోతే మనమే వెళ్ళి కనపడాలి," అంది. అప్పుడొకర్నీ ఇప్పుడొకర్నీ పంపడం మొదలుపెట్టింది. ఒక్కొక్కళ్ళకీ అదే మాట చెప్పి పంపుతుంది, వీపు చూపించకు, వెనక్కి నడిచి రా అని. వెళ్ళినవాళ్ళు సగం కరిగి తిరిగొస్తారు, అయినా ఎవరూ వెళ్ళనని అనరు.

అప్పటినుంచే తోకచుక్క సూర్యుడి దగ్గరికి వచ్చేటప్పుడు తోక వెనకుంటుంది, తిరిగి వెళ్ళేటప్పుడు తోక ముందుంటుంది. మొహం ఎప్పుడూ ఆయన వైపే. అవ్వ ఇప్పటికీ అక్కడే కూర్చుని, ఆ మూడు చుక్కలూ మళ్ళీ ఆయన వెనకాలకి ఎప్పుడొస్తాయా అని చూస్తోంది. ఒక చుట్టు పూర్తవడానికి ఇంకా ఎంతుందో ఎవరికీ...

ఆ, వస్తున్నా సార్. అరె, మబ్బు పట్టేసింది, నేను చూసుకోలేదు. పదకొండు టీలా, పన్నెండా? తన్వీ, బొమ్మ మళ్ళీ వెయ్యమ్మా, తోక ముందుకి పెట్టి, కళ్ళు మాత్రం సూర్యుడి...

వస్తున్నానండీ.